ఆది జాకెట్టు

ఏడు రోడ్ల కూడలికి నాలుగు షాపుల అవతల
జిరాక్సు మిషన్ల వేడి మెట్లెక్కి వచ్చే గదిలో
చెవికి వైరు తగిలించుకుని కూర్చుంటాను.
ముందు ఒక ఫారం.
ఒకే సమస్యా? ఆరు వారాల్లో తెమిలేదేనా?
తలుపు మూసుకుని మాట్లాడే చోటుందా?
చివరన రెండు గళ్లు:
తగును. తగదు.

మా అమ్మ ఆమదాలవలసలో బట్టలు కుట్టేది.
మనిషి రాలేకపోతే ఆది జాకెట్టు పంపేవాళ్లు.
దాన్ని తిరగేసి, చంకల కింద మరక చూసి,
విప్పి మళ్లీ వేసిన కుట్టుని వేలితో తడిమి
"ఈ పిల్ల చిక్కిపోయింది, ఒకసారి మనిషిని రమ్మను" అనేది.
కొన్నిటికి ఏమీ అనకుండా కత్తెర తీసేది.
ఆ తేడా ఎలా తెలుస్తుందో
అడుగుదామనుకున్నాను. అడగలేదు.

పలాస నుంచి ఢిల్లేశ్వరి.
జీడిపప్పు ఒలిచే పని.
భోజనాల బెల్లుకీ పన్లోకి పిలిచే బెల్లుకీ మధ్య
ఫ్యాక్టరీ గోడవార నించుని చేసింది.
వెనక బాయిలరు బుస్సుమంటోంది.
"నిద్దర నేదండి. అంతే.
ఇంకేటీ నేదు."

నిద్ర ఒక్కటే అయితే ఆరు వారాలు చాలు.
టాకాలు వేస్తే నిలిచే చిరుగు.
పెన్ను 'తగును' వైపు వంగింది.
నిజం చెప్పాలంటే దానికీ వంగాలనే ఉంది,
పొద్దున్నించి ఇద్దరికి 'తగదు' రాసి ఉన్నాను.

ఆమె మాటల మధ్య ఖాళీలు.
సిగ్నలు పోయిందో, గొంతు పూడుకుపోయిందో
ఇక్కణ్ణుంచి తెలీదు.
జీడి సొన తిన్న వేళ్లు కనబడవు.
మణికట్టు మీద గాజులున్నాయో, ఇంకేమైనా ఉందో.
హలో అంటాను. హలో అంటుంది.
రెండు హలోల మధ్య ఎంత లోతో
కొలిచే టేపు నా దగ్గర లేదు.

"ఇంట్లో తలుపేసుకుని మాట్లాడే గదుందా అమ్మా?"
బస్సు టైము అడిగినట్టు అడిగాను.
"గదుందండి. తలుపుంది. గెడ కూడా ఉంది."
టిక్కు పెట్టబోయాను.
"గెడ బైటేపుందండి."

కింద జిరాక్సు ఆగింది,
లేదా నాకు వినబడ్డం మానేసింది.

అవును, కాదు అంటే చాలమ్మా అని
ఒక్కొక్కటే అడిగాను.
ఎన్నాళ్లుగానో ఉందా, రోజూనా,
ఈ రాత్రికి భయంగా ఉందా.
అవును.
అవును.
బాయిలరు.
"తెల్దండి."

"ఫోన్లో ఆరు వారాలు మీకు సరిపోదమ్మా."
ఎంత మెల్లగా అన్నా అది కత్తెర చప్పుడే.
"మరైతే నాను పనికిరానా?"

ఆమెకి తెలిసిన లెక్క అది.
గుండు ఒక గంపలోకి, బద్ద ఒక గంపలోకి,
ముక్క ఇంకో గంపలోకి,
పుచ్చింది కాలి పక్కకి.
మీరు కాదమ్మా, ఈ వైరు పొట్టిది, అన్నాను.
విందో లేదో. బెల్లు మోగింది.
"మీరు సెయ్యకండి. నానే సేస్తాను."
పెట్టీసింది.

కాశీబుగ్గ ఆసుపత్రిలో సింహాద్రమ్మ సిస్టరుకి చెప్పాను,
రేపు భోజనాల బెల్లుకి ఆ గోడ దగ్గర
ఒక మనిషి ఉండాలని.
మీరొస్తారా అంది. పాసింజరుకి వస్తానన్నాను.
మధ్యలో ఒక రాత్రి ఉంది.
దాన్ని ఏం చెయ్యాలో ఫారంలో లేదు.

'తగదు' గడిలో టిక్కు పెట్టి
కారణం అన్నచోట, సగం గీతే ఖాళీ ఉంటుంది,
అందులో పట్టేటట్టు రాశాను:
గెడ బయటవైపు ఉంది.

ఒకసారి అమ్మ
ఎవరిదో జాకెట్టు తిరగేసి చాలాసేపు చూసింది.
మిషను మీద గుడ్డ కప్పింది.
టేపు మెడలోంచి తియ్యడం మర్చిపోయి
అలాగే వెళ్లి బస్సెక్కింది.
రాత్రి ఎప్పుడో వచ్చింది.
ఎవరింటికో చెప్పలేదు.
ఆ జాకెట్టు మా ఇంట్లో కుట్టినట్టు నాకు గుర్తు లేదు.